నేవల్ ఎన్‌సీసీలో మూడేళ్లు: సముద్రం ఎంత, మైదానం ఎంత?

ప్రశ్న అడిగినవారు: నాగావళి గట్టు

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో బీఎస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాది పార్వతీపురం మన్యం జిల్లాలో ఒక పల్లెటూరు. పోయిన వారం మా కాలేజీలో ఎన్‌సీసీ నేవల్ వింగ్‌కు ఎంపికలు జరిగాయి. మైదానం చుట్టూ పరుగెత్తించి, ఎత్తూ బరువూ చూసి, నౌకాదళం గురించి నాలుగు ప్రశ్నలు అడిగారు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఎక్కడుందన్న ప్రశ్నకు కంగారులో ఢిల్లీ అని చెప్పాను. అయినా జాబితాలో నా పేరు వచ్చింది. వచ్చే సోమవారంలోగా తల్లిదండ్రుల సంతకంతో అంగీకార పత్రం ఇవ్వమన్నారు.

చిక్కు అక్కడే వచ్చింది. నాకు నీటి గండం ఉందని చిన్నప్పుడు ఎవరో జాతకం చూసి చెప్పారట. ఆ మాట పట్టుకుని మా అమ్మ నన్ను ఏనాడూ ఏటి రేవులోకి దిగనివ్వలేదు. అందువల్ల నాకు ఈత రాదు, సముద్రాన్ని మొదటిసారి చూసింది కూడా ఈ ఊరు వచ్చాకే. నాన్నకు గండాల మీద నమ్మకం లేదు గానీ, ప్రాక్టికల్స్ పోగొట్టుకుని పరేడ్లు చేస్తే డిగ్రీ ఏమవుతుందని ఆయన భయం.

అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. వారంలో ఎంత సమయం పోతుంది? ఈత రాకుండా చేరవచ్చా? పేరులో నేవీ ఉంది గానీ నిజంగా సముద్రం మీదికి ఎన్నిసార్లు తీసుకెళతారు? సర్టిఫికెట్ తప్ప మరేమైనా మిగులుతుందా? మా హాస్టల్లో ఒకరు అదంతా ఎండలో నిలబడడమేనని చెప్పారు. ఇంకొకరు జీవితం మారిపోతుందన్నారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

సమాధానం: అయిదో తెడ్డు

చెల్లెమ్మా, ముందుగా అభినందనలు. నేను 2009 నుంచి 2012 వరకు విశాఖలోనే నేవల్ వింగ్‌లో ఉన్నాను, చివరి ఏడాది క్యాడెట్ కెప్టెన్‌గా చేశాను. ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాను. నౌకాదళంలోకి వెళ్ళాలని ప్రయత్నించి వెళ్ళలేకపోయినవాడి మాటగా దీన్ని చదవండి.

ముందు లెక్క చెబుతాను. ఆ మూడేళ్లలో నా కాళ్ళ కింద నీళ్ళు కదిలిన రోజులు అన్నీ కలిపినా 20కి మించవు, వాటిలో యుద్ధనౌక మీద గడిపినవి రెండే రెండు. మిగిలినదంతా మైదానం, తరగతి గది, తాళ్ళు, ఇస్త్రీ. మీ హాస్టల్లో ఎండలో నిలబడడమే అన్నవారు అబద్ధం చెప్పలేదు, మొదటి ఆరు నెలలు అచ్చంగా అంతే. తెల్లవారకముందే లేచి, తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, నల్ల బూట్లతో మైదానానికి చేరాక, సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, తేజ్ చల్, థమ్ అంటూ గంటన్నర గడుస్తుంది. డ్రిల్ ఆదేశాలన్నీ హిందీలో ఉంటాయి, పడవ ఎక్కితే అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, తప్పు చేసినప్పుడు తిట్లు మాత్రం శుద్ధమైన ఉత్తరాంధ్ర తెలుగులో పడతాయి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన నాకు ఎడమా కుడీ మూడు భాషల్లో నేర్చుకోవడానికే ఒక నెల పట్టింది.

తెల్ల యూనిఫాం గురించి ఎవరూ ముందుగా చెప్పరు గనుక నేను చెబుతాను. ఆర్మీ వింగ్ మిత్రుల ఖాకీ మీద ఎర్రమట్టి పడినా దులుపుకుని పోతారు. మనకు వానాకాలంలో ఒక్క పరేడ్ అయ్యిందంటే ఆ రాత్రంతా బకెట్ దగ్గరే. నీలిమందు ఎక్కువైతే చొక్కా లేత ఆకాశం రంగులోకి తిరిగి మర్నాడు వరుసలో మనమొక్కరమే వేరుగా కనిపిస్తాం, తక్కువైతే పసుపుగా ఉందని వెనక్కి పంపుతారు. ఆ పాళ్ళు నాకు రెండో ఏడాదికి గాని పట్టుబడలేదు.

ఇక పడవ సంగతి. నావికులు వేలర్ అని పిలిచే 27 అడుగుల పడవ ఒకటి ఉంటుంది, అయిదుగురు తలొక తెడ్డు పట్టి లాగుతారు, వెనుక ఒకరు చుక్కాని పట్టుకుని కూర్చుంటారు, అతనిని కాక్సన్ అంటారు. అయిదు తెడ్లంటే ఒకవైపు మూడు, మరోవైపు రెండు. పడవ ఒక పక్కకే తిరిగిపోదా అని మొదటి రోజు నేను అడిగితే, కూర్చుని లాగు, తెలుస్తుంది అన్నారు. తెడ్డు లాగేవాళ్ళందరం వెనక్కి తిరిగి కూర్చుంటాం, మనం ఎటు పోతున్నామో మనకు కనిపించదు. కనిపించేది కాక్సన్ ముఖమూ, మన ముందున్నవాడి వీపూ మాత్రమే. గివ్ వే టుగెదర్ (అందరూ కలిసి లాగండి) అనగానే అయిదు తెడ్లూ ఒకేసారి నీళ్ళలో దిగి, ఒకేసారి పైకి లేవాలి. నేను ముందున్నవాడి వీపు చూడడం మానేసి నా తెడ్డు కొసను చూశాను. అది నీటిలో అడ్డంగా ఇరుక్కుపోయి, పిడి ఎదురు తిరిగి వచ్చి నా పొట్టలో బలంగా కొట్టి, నన్ను నా బల్ల మీది నుంచి పడవ అడుగున వెల్లకిలా పడేసింది. దానిని ఇంగ్లీషులో క్రాబ్ పట్టడం అంటారు, మా పడవలో మాత్రం వీడికి పీత పడిందిరా అనేవారు. మూడేళ్లూ నాకు పీత అనే పేరు అలా ఉండిపోయింది.

ఆ పడవలో ఎవరు బలవంతుడనేది ఎవరికీ పట్టదు. కండలు తిరిగిన ఒక మిత్రుడిని మా జట్టు నుంచి తీసేసి, అతని కంటే సన్నగా ఉండి వేళ తప్పకుండా లాగే కుర్రవాడిని పెట్టారు, పడవ వేగం పెరిగింది. ఇలాంటిది చూసి సంతోషపడే స్వభావం ఉంటే మీకు ఆ 20 రోజులూ చాలు. సముద్రం కోసమే వచ్చినవారు మాత్రం మొదటి ఏడాదే విసిగిపోతారు.

సమాధానం: మేడ మీద జెండాలు

చెల్లీ, నేను కూడా నేవల్ వింగ్ క్యాడెట్‌నే. 2013లో చేరాను. పై సోదరుడు చెప్పిన వాటిలో చాలావరకు నిజమే గానీ, ఆడపిల్లలకు వచ్చే సందేహాలు ఆయనకు తట్టలేదు గనుక అవి నేను చెబుతాను.

ఈత సంగతి ముందుగా చెబుతాను. చేరేనాటికి ఈత వచ్చి ఉండాలన్న నియమం మాకు పెట్టలేదు. మా జట్టులో సగం మందికి రాదు, అందులో నేనూ ఉన్నాను. పడవ ఎక్కే ప్రతిసారీ లైఫ్ జాకెట్ తొడిగి, బొందెలు ఎవరికి వారు కట్టుకున్నాక పక్కవారు లాగి చూసి, ఆ తర్వాతే కదిలిస్తారు. పడవ పోటీల జట్టులోకి వెళ్ళాలంటే మాత్రం ఈత నేర్చుకోక తప్పదు. నేను ఈత కొలనులో నేర్చుకున్నాను. మొదటి పది రోజులు గట్టు పట్టుకుని కాళ్ళు ఆడించడంతోనే సరిపోయింది. మీ అమ్మగారికి ఇలా చెప్పి చూడండి: నీటి గండం ఉన్న పిల్లకు ఈత రాకపోవడం మంచిదా, రావడం మంచిదా? మా అమ్మమ్మ దగ్గర ఈ వాదం పనిచేసింది.

తెల్ల దుస్తులు అనగానే నెలసరి రోజుల్లో ఎలా అన్న భయం ప్రతి అమ్మాయికీ ఉంటుంది, అడగడానికి సిగ్గుపడుతుంది. మేము లోపల చర్మం రంగుకు దగ్గరగా ఉండే పొట్టి లాగు వేసుకునేవాళ్ళం, సంచిలో అదనంగా ఒక జత ప్యాంటు పెట్టుకునేవాళ్ళం, ఆ రోజుల్లో వరుసలో వెనుక నిలబడేలా సీనియర్ అక్కలు మాట్లాడకుండానే చోటు మార్చేవారు. క్యాంపుల్లో అమ్మాయిల కోసం మహిళా శిక్షకురాలు ఉంటారు, ఆమెకు నేరుగా చెప్పవచ్చు. ఒకసారి పరేడ్ మధ్యలోనే నాకు ఇబ్బంది ఎదురైతే, నా వెనుక ఉన్న అమ్మాయి ఏ ఆదేశమూ లేకుండా నాకు మరీ దగ్గరగా జరిగి, మైదానం దాటేవరకు అలాగే నడిచింది. దూరం సరిగ్గా పాటించలేదని ఆమెకు చీవాట్లు పడ్డాయి, కారణం చెప్పలేదు.

నాకు అన్నిటికంటే నచ్చినది సెమాఫోర్. రెండు చేతుల్లో రెండు జెండాలు పట్టుకుని, చేతుల కోణాలతో అక్షరాలు చెప్పే పద్ధతి అది. సముద్రం మీద వాడే ఆ జెండా ఎరుపు, పసుపు రంగుల్లో ఏటవాలుగా చీల్చినట్టు ఉంటుంది. అక్షరాలను వలయాలుగా నేర్పుతారు, మొదటి వలయంలో ఏ నుంచి జీ వరకు ఏడు అక్షరాలు ఉంటాయి, కుడి చెయ్యి గడియారం ముల్లులా అంచెలంచెలుగా పైకి వెళుతుంది, అక్కడి నుంచి ఎడమ చెయ్యి అవతలి వైపు దిగుతుంది. జెండాలు ఇంటికి ఇవ్వరు గనుక మేము రెండు హాస్టళ్ళ మేడల మీద నిలబడి చేతి రుమాళ్ళతో సాధన చేసేవాళ్ళం. మెస్‌లో ఈ రాత్రి ఏం కూర అన్న ప్రశ్న ఒక మేడ నుంచి ఇంకో మేడకు చేరేసరికి కూర అయిపోయేది. వీధిలో పోయేవారు మేము ఎవరికో సైగలు చేస్తున్నామని వార్డెన్‌కు ఫిర్యాదు చేశారు కూడా.

నేను చేరిన మరుసటి ఏడాది, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను వచ్చింది. తర్వాత చాలా రోజులు పరేడ్ అంటే రంపాలతో కొమ్మలు కోసి దారి చేయడమే. ముడులు వేయడం ఎందుకు నేర్పారో ఒక చెట్టు దుంగకు తాడు కట్టి పదిమందిమి లాగుతున్నప్పుడు తెలిసింది. తప్పు ముడి వేసిన తాడు జారింది, అందరం ఒకరి మీద ఒకరం పడ్డాం.

నౌక మీదికి తీసుకెళ్ళిన రోజున నేను మూడు గంటలు వాంతులు చేసుకున్నాను. ఖాళీ కడుపుతో వెళ్ళకండి, నూనె వంటకాలూ తినకండి, కళ్ళు నేల మీద పెట్టకుండా దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీత మీద పెట్టండి. నాలుగో గంటలో నావికులు ఇచ్చిన పొడి రొట్టె తిని పైకి వచ్చి చూస్తే, డాల్ఫిన్ నోస్ కొండ చూపుడువేలంత అయిపోయి ఉంది. మనం బీచ్ రోడ్డు నుంచి చూసే సముద్రం వేరు, అక్కడి నుంచి ఊరిని చూడడం వేరు.

మీ నాన్నగారికి ఇంకొక సంగతి కూడా చెప్పవచ్చు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు మహిళా నౌకాదళ అధికారులు తారిణి అనే చిన్న తెరచాప నౌకలో బయలుదేరి, భూగోళాన్ని చుట్టి, 254 రోజుల తర్వాత 2018 మే 21న తిరిగి వచ్చారు. ఆ ఆరుగురిలో ఇద్దరు మనవాళ్ళు. స్వాతి గారిది విశాఖపట్నం, ఐశ్వర్య గారిది హైదరాబాదు.

సమాధానం: కెమిస్ట్రీ మాస్టారు

అమ్మా, నేను అధ్యాపకుడిని, చాలా ఏళ్ళు మా కాలేజీ నేవల్ విభాగానికి ఎన్‌సీసీ అధికారిగా పనిచేసి ఈ మధ్యనే ఆ బాధ్యత దించుకున్నాను. పైవారిద్దరూ మనసులోని మాటలు చెప్పారు గనుక నేను కాగితాల సంగతి చెబుతాను, మీ నాన్నగారు అడిగింది ముఖ్యంగా అదే.

ఎన్‌సీసీ 1948లో పార్లమెంటు చేసిన చట్టంతో మొదలైంది, నేవల్ వింగ్ 1952లో వచ్చి చేరింది. కాలేజీ స్థాయిలో అబ్బాయిల విభాగాన్ని సీనియర్ డివిజన్ అని, అమ్మాయిల విభాగాన్ని సీనియర్ వింగ్ అని అంటారు. మన రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి ఒకే డైరెక్టరేట్ ఉంది, అది సికింద్రాబాదులో ఉంది. రెండేళ్ళ శిక్షణ తర్వాత బి సర్టిఫికెట్ పరీక్ష, మూడో ఏడాది సి సర్టిఫికెట్ పరీక్ష ఉంటాయి. పరేడ్లకు 75 శాతం హాజరు తప్పనిసరి. బి పరీక్షకు ఒక శిబిరం, సి పరీక్షకు రెండు శిబిరాలు చేసి ఉండాలి. ఏటా జరిగే సంయుక్త శిక్షణ శిబిరం 10 రోజులు ఉంటుంది. ప్రాక్టికల్స్‌కు అడ్డు వచ్చేది వారపు పరేడ్ కాదమ్మా, ఈ 10 రోజులే. శిబిరం తేదీలు ఖరారైన రోజునే మీ ల్యాబ్ అధ్యాపకుల దగ్గరికి వెళ్ళి, పోయే ప్రయోగాలు ఎప్పుడు చేయాలో రాయించుకోండి. శిబిరం నుంచి తిరిగివచ్చాక అడిగే పిల్లలకు చివాట్లు, ముందుగా అడిగే పిల్లలకు ఏర్పాట్లు దొరకడం నేను ఏటా చూశాను. కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఎన్‌సీసీని ఎలెక్టివ్‌గా, అంటే మనం ఎంచుకునే పాఠంగా తీసుకుని క్రెడిట్లు పొందే వీలు కూడా ఉంది, మీ కాలేజీలో ఉందేమో అడగండి.

అయిదో తెడ్డు గారు సర్టిఫికెట్ ఊసే ఎత్తలేదు. ఉద్యోగం వచ్చినవారికి దాని ఊసు అక్కర్లేకపోవచ్చు గానీ, పల్లెల నుంచి వచ్చే పిల్లలకు అది చిన్న విషయం కాదు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల కానిస్టేబుల్ పరీక్షలో సి సర్టిఫికెట్ ఉన్నవారికి గరిష్ఠ మార్కులలో 5 శాతం, బి ఉంటే 3 శాతం, బడిలో ఉండగా వచ్చే ఏ సర్టిఫికెట్ ఉంటే 2 శాతం అదనంగా కలుపుతారు. నా శిష్యులలో ఆ 5 శాతంతో గట్టెక్కినవారు ఉన్నారు. సైనిక దళాల అధికారుల ఎంపికకు జరిగే సీడీఎస్ పరీక్ష ద్వారా ఏళిమలలోని నౌకాదళ అకాడమీకి తీసుకునే సీట్లలో కొన్నింటిని నేవల్ వింగ్ సి సర్టిఫికెట్ ఉన్నవారికి వేరుగా ఉంచుతున్నారు. అయితే అమ్మాయిలకు ఏ దారులు తెరిచి ఉన్నాయన్నది మారుతూ వస్తోంది గనుక, డిగ్రీ చివరి ఏడాదిలో వచ్చే ప్రకటనను ఎవరి మాటా వినకుండా మీరే అక్షరం అక్షరం చదవండి. నౌకాదళంలో విద్యాశాఖ అని ఒకటి ఉంది, దానిలో ఎమ్మెస్సీ చేసినవారిని అధికారులుగా తీసుకుంటారు. బీఎస్సీ పిల్లలు దాని గురించి వినరు.

పాఠాల విషయానికి వస్తే, మూడు వింగులకూ ఉమ్మడిగా డ్రిల్, ఆయుధ శిక్షణ, ప్రథమ చికిత్స, విపత్తు నిర్వహణ, సమాజ సేవ ఉంటాయి. నేవల్ వింగ్‌కు ప్రత్యేకంగా సీమన్‌షిప్ (తాళ్ళు, పడవల పని), నావిగేషన్ (దారి లెక్క), కమ్యూనికేషన్ (సంకేతాలు), అగ్నిమాపక పద్ధతులు, నౌకల నమూనాల తయారీ ఉంటాయి. నమూనాల తయారీకి పోటీలు కూడా ఉన్నాయి. చేతి పని వచ్చిన పిల్లలు పరుగుపందెంలో వెనుకబడినా ఆ బల్ల దగ్గర మెరుస్తారు. మా దగ్గర ఒక వడ్రంగి గారి అబ్బాయి చెక్కిన యుద్ధనౌకకు ఫిరంగి గొట్టం అగ్గిపుల్ల కంటే సన్నగా ఉండేది.

సమాధానం: ఏడాదికే వచ్చేశాను

అందరూ మంచే చెబుతున్నారు గనుక ఒక విరుద్ధమైన మాట కూడా ఉండాలి. నేను వేరే ఊళ్ళో నేవల్ వింగ్‌లో చేరి ఏడాదికే మానేశాను. ఆ ఏడాదిలో నేను పడవను చూసింది ఒకసారి, అది కూడా కవరు కప్పి ఉంచిన పడవ. పరేడ్ల కంటే ఎక్కువసార్లు మమ్మల్ని సభలకు పిలిచారు. పెద్దలు వస్తున్నారంటే రెండు వరుసలుగా నిలబెట్టడం, పూలగుత్తులు పట్టుకొమ్మనడం, కుర్చీలు సర్దమనడం. ఒకసారి ఉదయం 7 గంటలకు నిలబెడితే ముఖ్య అతిథి మధ్యాహ్నం వచ్చారు, మా ముందు వరుసలోని అమ్మాయి సొమ్మసిల్లి పడిపోయింది, ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి. పరేడ్ తర్వాత ఇవ్వవలసిన అల్పాహారం సగం రోజులు అరటిపండుతోనే సరిపెట్టేవారు. అడిగితే క్రమశిక్షణ లేదన్నారు. చేరేముందు మీ కాలేజీలో రెండో ఏడాది, మూడో ఏడాది క్యాడెట్లను విడిగా కలిసి, పోయిన ఏడాది ఎన్నిసార్లు పడవ ఎక్కారో, ఎన్నిసార్లు సభలకు వెళ్ళారో అడగండి. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని అప్పుడు సంతకం చేయించుకోండి.

సమాధానం: కెమిస్ట్రీ మాస్టారు

పై మిత్రుడు చెప్పింది కాదనలేను. క్యాడెట్లను స్వాగత తోరణాలుగా వాడే అలవాటు చాలా చోట్ల ఉంది, అధికారిగా నేను కూడా ఒకటి రెండుసార్లు కాదనలేక పంపాను, ఈ రోజుకీ అది తలచుకుంటే నాకు తప్పుగానే అనిపిస్తుంది. ఆయన చెప్పిన ఆ రెండు అంకెలూ తప్పక అడగండి.

సమాధానం: ట్యాంక్‌బండ్ నావికుడు

సముద్రం ఎంత అని విశాఖలో కూర్చుని అడుగుతున్నారు, మరి హైదరాబాదు నేవల్ క్యాడెట్ల పరిస్థితి ఏమిటో ఆలోచించండి. ఇక్కడి నుంచి సముద్రానికి రాత్రంతా రైలు ప్రయాణం. నేను తెరచాప పడవ నేర్చుకున్నది హుస్సేన్‌సాగర్‌లో, బుద్ధ విగ్రహం చుట్టూ తిరుగుతూ. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి బాగా వీస్తుంది, అవే మాకు పండగ రోజులు. ఒడ్డున ఉన్న ఎత్తైన భవనాల నీడలోకి వెళ్ళగానే గాలి హఠాత్తుగా పడిపోయి, తెరచాప వేలాడే చీరలా అయిపోతుంది, భవనం దాటగానే మళ్ళీ ఒక్కసారిగా కొడుతుంది, అప్పుడు పడవ అంచు మీద కూర్చుని బయటికి వాలకపోతే బోల్తా. నేను నాలుగుసార్లు బోల్తా పడ్డాను. ఆ నీళ్ళ వాసన గురించి చెప్పను, ఊరివారికి తెలుసు. ఒక్కటి మాత్రం చెబుతాను: ఆ నీళ్ళలో పడతామన్న భయంతో మేము గాలిని చదవడం త్వరగా నేర్చుకున్నాం. శిబిరంలో విశాఖ, కాకినాడ కుర్రవాళ్ళు చెరువు నేవీ వచ్చిందిరా అని ఏడిపించారు గానీ, మెలితిరిగే గాలిలో మా వాళ్ళే ముందు గట్టు చేరారు. ఇది మా గొప్ప చెప్పుకోవడమే, ఒప్పుకుంటాను.

ప్రశ్న అడిగినవారు: నాగావళి గట్టు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఏడాదికే వచ్చేసిన అన్నయ్యగారు చెప్పినట్టే ఇవాళ మా కాలేజీలో ముగ్గురు సీనియర్లను విడిగా కలిశాను. పోయిన ఏడాది పడవ ఎక్కింది తొమ్మిదిసార్లని ఇద్దరు, ఎనిమిదిసార్లని ఒకరు చెప్పారు. సభలకు వెళ్ళింది నాలుగుసార్లు. తీరం వెంబడి ప్లాస్టిక్ ఏరే పునీత్ సాగర్ కార్యక్రమానికి రెండుసార్లు వెళ్ళారట, దానిని ఏ లెక్కలో వేయాలో తెలియక విడిగా రాసుకున్నాను. ల్యాబ్ మేడమ్‌ను కూడా అడిగాను, శిబిరం తేదీలు ముందుగా చెబితే వేరే బ్యాచ్‌తో ప్రయోగాలు చేయిస్తామన్నారు.

మేడ మీద జెండాలు అక్క చెప్పిన వాదం అమ్మ దగ్గర ఫోనులో పెట్టి చూశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ నేర్పేవాళ్ళు ఆడవాళ్ళేనా అని అడిగింది. ఈత కొలనులో ఉదయం పూట ఆడవాళ్ళ వేళలు ఉన్నాయని కనుక్కుని చెప్పాను. నాన్న ఆదివారం వచ్చి సంతకం పెడతానన్నారు. అమ్మ కూడా వస్తానంటోంది, పడవను తన కళ్ళతో చూడాలట.

ఇంకొక్కటి అడగవచ్చా? సోమవారం నుంచే పరేడ్ అంటున్నారు. అప్పటిలోగా ఏదైనా నేర్చుకుని వెళితే బాగుంటుందా?

సమాధానం: అయిదో తెడ్డు

చాలా సంతోషం చెల్లెమ్మా. పూర్ణామార్కెట్‌లో చూపుడువేలి మందం ఉన్న నూలు తాడు రెండు మీటర్లు కొనుక్కోండి. నైలాన్ వద్దు, జారిపోతుంది. కొసలు పురి విప్పుకోకుండా దారంతో గట్టిగా చుట్టించుకోండి. ఆదివారంలోగా బోలైన్ అనే ముడి ఒక్కటి నేర్చుకుంటే చాలు, ఎంత లాగినా ఆ ఉచ్చు బిగుసుకోదు, పని అయ్యాక తేలిగ్గా ఊడుతుంది, అందుకే నీళ్ళలో ఉన్న మనిషికి విసిరే తాడుకు ఆ ముడే వేస్తారు. ముందు తాడులో చిన్న మెలిక వేయండి, అది పుట్ట. ఆ పుట్ట వెనుక నిటారుగా ఉన్న తాడు చెట్టు. చేతిలో ఉన్న కొస పాము. మాకు నేర్పిన నౌకాదళ పెట్టీ ఆఫీసరు గారు తెలుగువారు కారు గానీ ఈ మూడు మాటలు మాత్రం తెలుగులోనే చెప్పేవారు: పుట్టలోంచి పాము పైకి రావాలి, చెట్టు వెనుక నుంచి చుట్టి రావాలి, వచ్చిన పుట్టలోకే దిగిపోవాలి. చెట్టును, పామును చెరో చేత్తో పట్టి లాగండి. మొదటి పదిసార్లు ఊడిపోతుంది. మీ అమ్మగారు వచ్చినప్పుడు ఆవిడ చేతికే తాడు ఇచ్చి చూడండి, పశువుల పలుపులు కట్టిన చెయ్యి అయితే మీకంటే ముందు వేస్తుంది.